మధ్యయుగపు వాయిద్యాలు, సింథసైజర్: జర్మన్ జానపద బృందం ‘ఫౌన్’ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఫౌన్ బృందం పాటను మొదటిసారి విన్నవారు ఆ తర్వాత అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి: ఆ వాయిద్యం పేరేమిటి, అది ఏ భాష, ఎనిమిది వందల ఏళ్ల నాటి పాటలోకి సింథసైజర్ ఎందుకు వచ్చింది. ఎవరికి వారికి విడివిడిగా జవాబు చెప్పడం కంటే అన్నిటినీ ఒకచోట చేర్చడం మేలనిపించింది. ప్రశ్నలను అడిగినవారి మాటల్లోనే ఉంచాను. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది కనుక మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## వినడం మొదలుపెట్టక ముందు

ఈ ఫౌన్ ఎవరు? ఏ దేశం వాళ్లు?

ఫౌన్ దక్షిణ జర్మనీలోని మ్యూనిక్ ప్రాంతంలో 1990ల చివర్లో రూపుదిద్దుకున్న జానపద సంగీత బృందం. ఒలివర్ పాడె, ఎలిజబెత్ పావెల్కె, ఫియోనా ర్యూగెబర్గ్ తొలినాటి సభ్యుల్లో ముఖ్యులు. మొదటి ఆల్బమ్ ‘త్సౌబర్‌ష్ప్రూహె’ 2002లో వచ్చింది. ఆ రోజుల్లోనే సింథసైజర్ (స్వరాలను ఎలక్ట్రానిక్ పద్ధతిలో పుట్టించేది), శాంప్లర్ (రికార్డు చేసిన ధ్వనులను తిరిగి పలికించేది) వాయించే నీల్ మిత్రా బృందంలో చేరడంతో ఇప్పుడు మనం గుర్తుపట్టే ఫౌన్ ధ్వని ఏర్పడింది. చాలాకాలం తాళవాద్యాలు ర్యూడిగర్ మౌల్‌వి. గాయనీమణులు పలుమార్లు మారారు. పావెల్కె 2008లో వెళ్లిపోయారు, 2012 నుంచి హర్డీ-గర్డీ (పిడి తిప్పి వాయించే తీగవాద్యం) స్టెఫాన్ గ్రోట్ చేతిలో ఉంది. ఇన్ని మార్పుల తర్వాత కూడా పాట వినగానే ఫలానా బృందమని తెలిసిపోవడానికి కారణం వాయిద్యాల పొందికే తప్ప ఏ ఒక్కరి గొంతూ కాదని నా అభిప్రాయం.

ఇది రాక్‌ సంగీతమా, జానపదమా, శాస్త్రీయమా? దేనికింద లెక్క?

బృందం తన సంగీతాన్ని ‘పేగన్ ఫోక్’ అని పిలుచుకుంటుంది. జానపద నృత్యాల లయలు, మధ్యయుగపు కవితలు, అకూస్టిక్ (కరెంటు అవసరం లేని) వాయిద్యాలు, వాటి కింద ఎలక్ట్రానిక్ ధ్వని అందులోని ప్రధానాంశాలు. జర్మనీలో మధ్యయుగపు పాటలకు ఎలక్ట్రిక్ గిటార్లు, భారీ డ్రమ్ములు జోడించే రాక్‌ బృందాలు చాలా ఉన్నాయి. ఫౌన్ ఆ దారిలో వెళ్లలేదు. గిటార్ ఉండవలసిన చోట బుజూకీ (పొడుగు మెడ ఉన్న, మీటి వాయించే తీగవాద్యం), హార్ప్ ఉంటాయి. బేస్ గిటార్ చేసే పనిని చాలా వరకు సింథసైజర్ చేస్తుంది.

పేగన్ అంటే ఏదో మత ప్రచారమా? ఇంట్లో పెద్దవాళ్లు అడిగితే ఏం చెప్పాలి?

ప్రచారం కాదని ధైర్యంగా చెప్పవచ్చు. క్రైస్తవానికి ముందు ఉత్తర ఐరోపాలో ఉన్న దేవతలు, ఋతువుల పండుగలు, అడవి, చంద్రుడు వీరి పాటల్లో తరచుగా వచ్చే విషయాలు. కానీ 2005 నాటి ‘రెనసాన్స్’ ఆల్బమ్‌లో మరియమాతను స్తుతించే 13వ శతాబ్దపు పాట ఉంది. 2003 నాటి ‘లిహ్ట్’ ఆల్బమ్‌లో కాటలోనియా మఠానికి వచ్చే యాత్రికులు పాడుకున్న భక్తిగీతం ఉంది. పాత పాటలంటే ఇష్టమున్నవారు ఐరోపాలో క్రైస్తవ గీతాలను తప్పించుకుని ముందుకు వెళ్లలేరు, ఈ బృందం తప్పించుకోవాలని చూడనూ లేదు.

జర్మన్ ఒక్క ముక్క రాదు. అయినా వినవచ్చా?

నిస్సంకోచంగా వినవచ్చు. ఇవాళ్టి జర్మన్ మాట్లాడేవారికే వీరి పాటల్లో కొన్ని అర్థం కావు, ఎందుకంటే అవి 12, 13వ శతాబ్దాల మధ్య-ఉన్నత జర్మన్‌లో ఉంటాయి. మరికొన్ని లాటిన్‌లో, ఇంకొన్ని గలీసియన్-పోర్చుగీసులో, హంగేరియన్‌లో, ప్రాచీన నార్స్‌లో ఉంటాయి. నా సలహా ఏమిటంటే మొదటి రెండు మూడు సార్లు అర్థం గురించి ఆలోచించకుండా వినండి, తర్వాత పాట మూలం చదవండి. కవి ఎవరో, ఏ కాలంవాడో తెలిశాక అదే పాట కొత్తగా వినిపిస్తుంది.

పాత వాయిద్యాలకు ఎలక్ట్రానిక్స్ కలపడం వీళ్లతోనే మొదలైందా?

వీరికంటే ముందే ఆ ప్రయత్నాలు జరిగాయి. స్వీడన్‌లో 1987లో మొదలైన హెడ్నింగార్నా, 1990లో సుండ్స్‌వాల్‌లో ఏర్పడిన గార్మార్నా తమ దేశపు కథాగీతాలను కొత్త ధ్వనితో పాడాయి; గార్మార్నా 2001లో 12వ శతాబ్దపు సన్యాసిని హిల్డెగార్డ్ ఫాన్ బింగెన్ కీర్తనలతో ఒక పూర్తి ఆల్బమ్‌నే విడుదల చేసింది. మ్యూనిక్‌లోనే 1991లో క్వంటాల్ అనే బృందం పుట్టింది. దాన్ని స్థాపించిన మిషాయెల్ పాప్, గాయని సైరా అప్పటికే ఎస్టాంపీ అనే మధ్యయుగ సంగీత బృందంలో పనిచేస్తున్నారు. ఎలక్ట్రానిక్ సంగీతకారుడు ఎర్న్‌స్ట్ హార్న్ కూడా దాని వ్యవస్థాపకుల్లో ఒకరు. క్వంటాల్‌లో ఎలక్ట్రానిక్ ధ్వనే ముందుంటుంది, పాత వాయిద్యం దానిపై తేలుతుంది. ఫౌన్‌లో ఈ క్రమం తలకిందులవుతుంది: చేతితో వాయించేది ముందు, యంత్రం దాని అడుగున. ఈ తేడా చిన్నదిగా కనిపించినా వినేవారికి రెండు వేర్వేరు అనుభవాలు కలుగుతాయి.

ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టమంటారు?

నేనైతే ‘రెనసాన్స్’ చేతిలో పెడతాను. పాత బాణీలు, నృత్య లయలు, ఎలక్ట్రానిక్స్ మూడూ సమపాళ్లలో కలిసిన ఆల్బమ్ అది. చీకటి ఛాయలు నచ్చేవారికి 2007లో వచ్చిన ‘టోటెమ్’ సరిపోతుంది. వ్యక్తిగతంగా నాకు వీరి ఆల్బమ్‌లన్నిటిలో అదే గొప్పది. దాని వెంటనే 2009 నాటి ‘బూఖ్ డేర్ బలాడెన్’ వినండి. కథాగీతాలతో కూర్చిన ఆ ఆల్బమ్‌లో ఎలక్ట్రానిక్స్ లేవు, కాబట్టి రెండింటినీ పక్కపక్కన పెట్టి వింటే సింథసైజర్ ఏం చేస్తుందో, అది లేనప్పుడు ఏం మిగులుతుందో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. 2013 నాటి ‘ఫొన్ డెన్ ఎల్బెన్’ ఒక పెద్ద సంస్థ ద్వారా వెలువడి జర్మన్ ఆల్బమ్‌ల జాబితాలో మొదటి పదిలోకి చేరింది. శ్రావ్యంగా, సులువుగా వినదగినదే. అయితే అంతకుముందు ఉన్న గరుకుదనం అందులో తగ్గిందని నాకు అనిపిస్తుంది.

## వింటున్నప్పుడు వచ్చే సందేహాలు

జుయ్యిమని ఆగకుండా మోగుతూ, మధ్యలో ఝర్రుమనే ఆ వాయిద్యం ఏది?

అది హర్డీ-గర్డీ. చూడటానికి వీణ బుర్ర అంత చెక్కపెట్టె, ఒక చివర తిప్పే పిడి, మధ్యలో ఒక చెక్క చక్రం. వయొలిన్‌కు విల్లు చేసే పనిని ఇందులో ఆ చక్రం చేస్తుంది: అంచుకు గుగ్గిలం పూసిన చక్రం తిరుగుతూ తీగలను నిరంతరం రాస్తూ ఉంటుంది కనుక ధ్వనికి విరామం ఉండదు. ఎడమ చేతి వేళ్లు మీటలను నొక్కితే చిన్న చెక్క ముక్కలు స్వరతీగను తగిన చోట అదిమి స్వరాన్ని మారుస్తాయి. పక్కనున్న తీగలు మాత్రం షడ్జమ పంచమాలను అలాగే పట్టుకుని ఉంటాయి.

ఝర్రుమనే శబ్దానికి కారణం ఇంకా ముచ్చటైనది. ఒక శ్రుతి తీగ కింద ఉండే చిన్న వంతెనకు ఒక కాలు వదులుగా ఉంటుంది. ఫ్రెంచివారు దాన్ని ‘కుక్క’ అంటారు. వాయించే మనిషి మణికట్టుతో పిడిని ఒక్కసారి ఝాడించి తిప్పితే చక్రం వేగం క్షణకాలం పెరిగి, ఆ కాలు పైపలకను టకటకా కొడుతూ మొరుగుతుంది. ఒక చుట్టులో రెండు, మూడు, నాలుగు ఝాడింపులు వేయడంతో తాళం కూడా అదే చేతిలో పుడుతుంది. అంటే శ్రుతి, రాగం, లయ మూడూ ఒకే మనిషి ఒడిలో ఉన్నాయన్నమాట. తీగ చక్రాన్ని తాకే చోట దూది పోగులు చుట్టాలి. ఎక్కువైతే ధ్వని మూగబోతుంది, తక్కువైతే కీచుమంటుంది. తేమ మారితే దూది, గుగ్గిలం, తీగ ఒత్తిడి అన్నీ మళ్లీ సరిచూసుకోవాలి. పాటకు పాటకు మధ్య వాయిద్యకారుడు తలవంచి ఏదో సర్దుకుంటున్నాడంటే చాలాసార్లు ఆ పనే జరుగుతుంటుంది.

దీని పూర్వరూపం స్పెయిన్‌లోని సాంతియాగో దె కంపోస్తెలా ప్రధాన ఆలయ ద్వారంపై 1188 ప్రాంతపు శిల్పంలో కనిపిస్తుంది. అందులో దాన్ని ఇద్దరు వృద్ధులు కలిసి వాయిస్తుంటారు, ఒకరు పిడి తిప్పడానికి, ఒకరు మీటలకు.

మీటలున్న వయొలిన్ లాంటిది ఇంకొకటి ఉంది కదా?

దాని పేరు నికెల్‌హార్పా, స్వీడన్ వాయిద్యం. విల్లుతోనే వాయిస్తారు, కానీ తీగను వేలితో నేరుగా అదమరు. మెడ కింద వరుసగా ఉన్న మీటలు ఆ పని చేస్తాయి. ఇప్పటి నికెల్‌హార్పాకు సాధారణంగా 16 తీగలుంటాయి: మూడు స్వరానికి, ఒకటి శ్రుతికి, మిగిలిన పన్నెండూ ఎవరూ తాకకుండానే పై స్వరాలకు స్పందించి మోగేవి. సితార్, సరోద్‌లలో ఉండే తరఫు తీగల పని కూడా ఇదే. అందుకే ఈ వాయిద్యం ఆగిన తర్వాత కూడా గాలిలో ఒక మెరుపు మిగిలినట్టు ఉంటుంది. ఆ శేషధ్వనిని సింథసైజర్ ధ్వని అని పొరబడేవారు చాలామంది ఉన్నారు.

కొన్నిచోట్ల అచ్చం సన్నాయిలా వినిపిస్తుంది. మన సన్నాయేనా?

మన సన్నాయి కాదు, దాని బంధువు. అది చాలాసార్లు బ్యాగ్‌పైపు ధ్వని. రెండు రెల్లు పీలికలను కలిపి కట్టిన పీకె, శంకువులా వెడల్పయ్యే గొట్టం, ఈ రెండూ ఉన్న వాయిద్యం ఏ దేశంలోదైనా ఆ గంభీరమైన ముక్కుస్వరమే పలుకుతుంది. మధ్యయుగపు ఐరోపాలో షామ్ అనే పీకె వాయిద్యం ఊరేగింపుల్లో, నృత్యాల్లో మోగేది. సన్నాయికి అది మరీ దగ్గర చుట్టం. బ్యాగ్‌పైపులో గాలి నింపిన తోలుసంచి ఉండటం వల్ల ఊపిరి తీసుకునేటప్పుడు కూడా స్వరం తెగదు. శ్రుతి కోసం మేకతోలు తిత్తిని ఊదిన సంప్రదాయం తెలుగు నేలపైనా ఉంది కనుక ఆ సూత్రం మనకు కొత్తది కాదు.

ఈ పాటల్లో ఖరహరప్రియ వినిపిస్తోంది. నా భ్రమా?

భ్రమ కాదు. మధ్యయుగపు ఐరోపా సంగీతంలో డోరియన్ అనే స్వరక్రమం విస్తారంగా వాడుకలో ఉండేది. దాని స్వరస్థానాలు ఖరహరప్రియ స్వరస్థానాలే. మిక్సొలిడియన్ హరికాంభోజికి, ఏయోలియన్ నఠభైరవికి, ఫ్రిజియన్ హనుమతోడికి సరిపోతాయి. అయితే స్వరస్థానాలు ఒకటైనంత మాత్రాన రాగం ఒకటి కాదు. గమకం లేని ఖరహరప్రియను మనం ఖరహరప్రియ అనము. ఆ పాటల్లో గాంధార నిషాదాలు ఊగకుండా నిలబడి ఉంటాయి. అయినా కర్ణాటక సంగీతం విని పెరిగిన చెవికి ఈ పాటలు త్వరగా పట్టుబడటానికి ఒక బలమైన కారణం ఉంది. రెండు చోట్లా కింద కదలని షడ్జం ఉంటుంది, పైన స్వరం దానితో పోల్చుకుంటూ నడుస్తుంది. స్వరాల గుంపులు (కార్డులు) మారుతూ పోయే పాశ్చాత్య పాప్ సంగీతం కంటే ఈ పద్ధతి మనకే దగ్గర.

ఎలక్ట్రానిక్ ధ్వని ఉందంటారు, నాకు దొరకడం లేదు. ఎక్కడ వెతకాలి?

మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొదట పాట అడుగుభాగం వినండి. పిల్లనగ్రోవి, హార్ప్, బుజూకీ, బ్యాగ్‌పైపు వీటిలో దేనికీ బరువైన మంద్రస్థాయి లేదు. 60 హెర్ట్జ్ దిగువన అవి దాదాపు మౌనం. ఛాతీకి తగిలే ఆ లోతైన హోరు సింథసైజర్‌ది. రెండో చోటు పాట మొదలు, చివర. గాలిలా, నీటిలా, దూరపు గుసగుసలా వినిపించేవి చాలావరకు శాంప్లర్ నుంచి వస్తాయి. మూడోది తాళం: చర్మవాద్యపు దెబ్బ వెనుక సన్నగా, మరీ కచ్చితంగా ఇంకొక టిక్కు వినిపిస్తే అది సీక్వెన్సర్, అంటే ముందే అమర్చిన లయను నడిపే యంత్రం. ఇన్ని చెప్పినా ఫోన్ స్పీకర్లో వీటిలో సగం కూడా వినిపించవు, దయచేసి ఈ సంగీతాన్ని ఫోన్ స్పీకర్లో విని తీర్పు చెప్పకండి.

## ఇంకొంచెం లోతుగా తెలుసుకోవాలనిపిస్తే

ఇవన్నీ నిజంగా మధ్యయుగపు వాయిద్యాలేనా?

కొన్ని అవును, కొన్ని కాదు. హార్ప్, పిల్లనగ్రోవి, చట్రపు డప్పు, హర్డీ-గర్డీ ఆ కాలంలో ఉన్నవే, అయితే ఇప్పుడు వేదికపై కనిపించేవి ఆధునిక తయారీలు. నికెల్‌హార్పా లాంటి వాయిద్యం స్వీడన్‌లోని గోట్లండ్ ద్వీపంలో ఒక చర్చి ద్వారంపై 1350 ప్రాంతపు చెక్కడంలో ఉంది, కానీ పన్నెండు స్వరస్థానాలూ పలికే నేటి రూపం 20వ శతాబ్దంలో వచ్చింది. ఐరిష్ బుజూకీ అయితే 1960లలో గ్రీసు నుంచి ఐర్లండుకు చేరి అక్కడ స్థిరపడినది. జర్మన్ మధ్యయుగ సంతల్లో హోరెత్తించే పెద్ద బ్యాగ్‌పైపు రూపం 1980లలో తూర్పు జర్మనీలో తయారైంది. పాత చిత్రాలను చూసి ఆకారం తీసుకున్నారు, బహిరంగ స్థలంలో గట్టిగా మోగేలా లోపలి నిర్మాణం మార్చారు. ఈ సంగతులు తెలిసినప్పుడు కొందరు నిరాశపడతారు. నిరాశకు కారణం లేదనుకుంటాను. వాయిద్యం ఎప్పుడూ తన కాలపు అవసరానికి తగ్గట్టు మారుతూనే వచ్చింది.

పాటల బాణీలు కూడా ఆ కాలపువేనా?

పాటను బట్టి జవాబు మారుతుంది. మరియస్తుతి పాటలు వచ్చింది స్పెయిన్‌లోని కస్టీల్ రాజు పదో అల్ఫోన్సో ఆస్థానంలో 13వ శతాబ్దంలో కూర్చిన సంకలనం నుంచి. అందులో నాలుగు వందలకు పైగా పాటలు స్వరలిపితో సహా నిలిచి ఉన్నాయి. మోన్‌సెరాట్ మఠంలో 1399 ప్రాంతంలో రాసిన ఎర్ర అట్ట పుస్తకంలో యాత్రికుల పాటలు పది మిగిలాయి. రాత్రి జాగరణలో యాత్రికులు అనుచితమైన పాటలు పాడకుండా, తగిన పాటలు పాడుతూ ఆడాలని వాటిని చేర్చినట్టు ఆ పుస్తకమే చెబుతుంది. ఫౌన్, క్వంటాల్ రెండు బృందాలూ ఆ పుస్తకం నుంచి పాటలు తీసుకున్నాయి.

ప్రేమకవుల సంగతి వేరు. జర్మన్ ప్రేమకవితకు అతిపెద్ద ఆధారం 14వ శతాబ్దపు తొలినాళ్లలో జ్యూరిక్‌లో తయారై ఇప్పుడు హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్న మానెస్సె రాతప్రతి. దాదాపు 140 మంది కవులు, నిండు పుట వర్ణచిత్రాలు, అందమైన దస్తూరి, కానీ ఒక్క స్వరం గుర్తు కూడా లేదు. 1220 ప్రాంతంలో మరణించిన హైన్రిష్ ఫాన్ మోరుంగెన్ చిత్రంలో కవి పడకపై ఒరిగి ఉంటాడు, దగ్గర అతడు ఆరాధించే స్త్రీ ఉంటుంది. ఆయన రాసిన, దేవకన్య చూపుకు వశమైపోయిన మనిషి గురించిన కవితను ఫౌన్ పాడింది. మాటలు ఎనిమిది శతాబ్దాల నాటివి, బాణీ మాత్రం కొత్తగా కట్టుకున్నది, ఎందుకంటే వేరే దారి లేదు. బవేరియాలోని బెనెడిక్ట్‌బోయెర్న్ మఠంలో దొరికిన 1230 ప్రాంతపు ప్రసిద్ధ సంకలనంలో స్వరచిహ్నాలు కొన్ని ఉన్నా అవి గీతలు లేని గుర్తులు. స్వరం పైకి వెళ్లిందో కిందికి దిగిందో చెబుతాయి, ఎంత దూరమో చెప్పవు. బాణీ ముందే తెలిసినవాడికి జ్ఞాపకం చేయడానికి రాసుకున్నవి అవి.

ఎనిమిది వందల ఏళ్ల పాటకు కంప్యూటర్ తగిలించడం అపచారం కాదా?

ఈ ప్రశ్న అడిగేవారికి పాత పాటల మీద గౌరవం ఉందని తెలుసు, అందుకే వివరంగా చెబుతాను. స్వరలిపి దొరికిన పాటల్లోనూ ఏ వాయిద్యంతో వాయించాలి, ఎంత వేగంగా పాడాలి, వెనుక శ్రుతి ఉండాలా, డప్పు ఉండాలా అన్నది రాసి ఉండదు. చాలా ప్రేమగీతాల లిపిలో ఏ స్వరాన్ని ఎంతసేపు నిలపాలో కూడా ఉండదు. పండితులు నూరేళ్లకు పైగా దానిపై వాదించుకుంటున్నారు. కాబట్టి పూర్తిగా అకూస్టిక్ వాయిద్యాలతో, దుస్తులతో సహా చేసే ప్రదర్శనలో కూడా సగానికి పైగా నేటి సంగీతకారుల నిర్ణయమే ఉంటుంది. మిషాయెల్ పాప్, సైరా ఇద్దరూ ఎస్టాంపీలో ఎలక్ట్రానిక్స్ లేకుండా, క్వంటాల్‌లో వాటితో, ఒకే కాలపు పాటలను పాడారు. అధ్యయనం ఒకటే, ఎంచుకున్న మార్గాలు రెండు.

అలాగని ఏం కలిపినా చెల్లుతుందని నేను అనను. కలిపింది పాటకు ఆధారమవుతోందా, అడ్డమవుతోందా అన్నదే చూడవలసింది. మధ్యయుగపు సంగీతానికి సహజంగా ఉన్న ఆధారం శ్రుతి, కదలకుండా నిలబడే ఒకే స్వరం. హర్డీ-గర్డీ, బ్యాగ్‌పైపు దాన్ని తమలోనే మోస్తాయి. సింథసైజర్ గొప్పగా చేయగల పని కూడా సరిగ్గా అదే: ఒక స్వరాన్ని నిమిషాల తరబడి పట్టుకుని, దాని ఛాయను మెల్లగా మారుస్తూ పోవడం. రెండు యుగాల పరికరాలు కలుసుకునేది ఇక్కడే, అందుకే అతుకు కనిపించదు. మనకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. తంబూరా స్థానంలో ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె పెట్టుకుని త్యాగరాజ కృతి పాడటం మన సభల్లో మామూలైపోయింది. పాడైపోయేది ఎక్కడంటే, నాలుగు దెబ్బల యంత్రతాళాన్ని ఎడతెగకుండా పరిచి, కవిత పాదాల్లో ఉన్న ఎగుడుదిగుడులను చదును చేసినప్పుడు. నృత్య క్లబ్బుల కోసం తయారైన కొన్ని మధ్యయుగ రీమిక్స్‌లు అలా చేస్తాయి. ఫౌన్ కూడా కొన్ని కొత్త పాటల్లో ఆ అంచు దాకా వెళ్లింది.

బ్యాగ్‌పైపు, సింథసైజర్ శ్రుతి ఎలా కలుస్తుంది? అపస్వరం రాదా?

జాగ్రత్త పడకపోతే తప్పకుండా వస్తుంది. శ్రుతితో పాటు వినిపించే వాయిద్యాలను ఆ శ్రుతికి శుద్ధంగా సరిచేస్తారు. సింథసైజర్ మామూలుగా సప్తకాన్ని పన్నెండు సమాన భాగాలు చేసిన పద్ధతిలో ఉంటుంది. పంచమంలో తేడా రెండు సెంట్లే (ఆ పన్నెండు భాగాల్లో ఒకదానికి నూరో వంతు ఒక సెంటు), చెవికి ఆనదు. అంతర గాంధారం దగ్గరికి వచ్చేసరికి శుద్ధమైనది 386 సెంట్లు, సమాన పద్ధతిలోది 400 సెంట్లు. ఆ పద్నాలుగు సెంట్ల తేడా నిలిచిన స్వరాల్లో అలలు అలలుగా కొట్టుకుంటుంది. అందుకే ఈ రకం సంగీతంలో సింథసైజర్‌తో షడ్జమ పంచమాలను మాత్రమే నిలిపి గాంధారాన్ని గొంతుకో వాయిద్యానికో వదిలేయడం తెలివైన పద్ధతి. అదృష్టవశాత్తూ మధ్యయుగపు రుచి కూడా అదే, షడ్జమ పంచమాల జోడీనే అప్పుడు సంపూర్ణంగా భావించేవారు.

వేదిక మీద యంత్రం లయ, మనిషి లయ విడిపోకుండా ఎలా ఉంటాయి?

సీక్వెన్సర్ నడిచే పాటల్లో సాధారణంగా వాయిద్యకారుల చెవుల్లోని చిన్న స్పీకర్లకు లయ టిక్కులు పంపుతారు. వాయించేవారు దాన్ని వింటూ సాగుతారు. దీనివల్ల పాట మధ్యలో ఉత్సాహం వచ్చినా వేగం పెంచలేరు. ఆ బిగువును సడలించడానికి యంత్రతాళాన్ని కొన్ని భాగాలకే పరిమితం చేసి, మిగిలిన చోట్ల ధ్వనులను చేతితోనే విడుదల చేసే మార్గం ఉంది. ఇక హర్డీ-గర్డీ, హార్ప్ వంటి వాటి లోపల పీజో పికప్‌లు (చెక్క కంపనాన్ని నేరుగా పట్టుకునే చిన్న పరికరాలు) అమరుస్తారు. వేదికపై భారీ స్పీకర్ల మధ్య మైకు పెడితే ఆ బోలు పెట్టెలు హోరును తిరిగి పట్టుకుని కూతపెడతాయి.

## కచేరీకి వెళ్లేటప్పుడు

నేను జర్మనీలో చదువుకుంటున్నాను. వీళ్లను ఎక్కడ చూడవచ్చు?

మూడు రకాల చోట్లు ఉన్నాయి. మొదటిది హాళ్లలో జరిగే పర్యటన కచేరీలు. పాటలోని ప్రతి పొర వినాలనుకునేవారికి ఇదే మేలు. రెండోది వేసవిలో వారాంతాల్లో ఊరూరా జరిగే మధ్యయుగ సంతలు. కమ్మరి కొలిమి, తోలు వస్తువులు, గుర్రాలపై యోధుల పోటీలు, సాయంత్రం దివిటీల వెలుతురులో కచేరీ, కుటుంబంతో వెళ్లదగిన వాతావరణం. మూడోది పెద్ద ఉత్సవాలు: లైప్‌జిగ్‌లో 1992 నుంచి పెంతెకొస్తు రోజుల్లో జరిగే వేవ్-గోటిక్-ట్రెఫెన్, నెదర్లాండ్స్‌లోని లిస్సెలో ఆగస్టు తొలివారంలో జరిగే కాసిల్‌ఫెస్ట్ వంటివి. సంతల్లో నగదు దగ్గర ఉంచుకోండి, మట్టి నేలకు తగిన బూట్లు వేసుకోండి, చిన్నపిల్లలుంటే చెవులకు రక్షణ తప్పనిసరి. ప్రత్యేక దుస్తులు వేసుకోకపోయినా ఎవరూ వింతగా చూడరు. అకూస్టిక్ కచేరీ అని ప్రకటనలో ఉంటే సింథసైజర్ ఉండదు, టికెట్ కొనేముందు ఆ మాట చూసుకోండి.

మేం కూడా మన వాయిద్యాలతో ఇలా ప్రయత్నించాలనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?

తాళంతో మొదలుపెట్టకండి, శ్రుతితో మొదలుపెట్టండి. సన్నాయికో, కిన్నెరకో, పాడేవారి గొంతుకో ఏ శ్రుతి హాయిగా ఉందో ముందు తేల్చుకుని సింథసైజర్‌ను దానికి సరిచేయండి. యంత్రం శ్రుతికి సన్నాయిని లాగితే దాని పలుకే పోతుంది. సింథసైజర్‌కు మొదట ఒకే పని అప్పగించండి: మంద్రస్థాయిలో షడ్జం. పాట మొత్తం అలా సాగాక, ఎక్కడ ఖాళీగా అనిపించిందో అక్కడ మాత్రమే ఇంకొక ధ్వని చేర్చండి. జానపద గాయకుల దగ్గర పాట తీసుకుంటే వారు పాడిన వేగం, విరుపులు ముందుగా రికార్డు చేసుకుని, కంప్యూటర్‌లో తాళాన్ని ఆ విరుపులకు అనుగుణంగా సర్దండి. గళ్లలో ఇమడలేదని వారి పాటను కత్తిరించి సరిచేయకండి. డప్పు దెబ్బలను యంత్రంతో వాయించే బదులు డప్పునే రికార్డు చేసి శాంప్లర్‌లో పెట్టుకోండి. పాట ఎవరిదో, ఏ ఊరిదో విడుదల చేసేటప్పుడు పేరుతో సహా రాయండి, డబ్బు వస్తే వారికీ వాటా ఇవ్వండి.